మా అన్న వానపెండ్లి

పోయిన నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఆడబిడ్డ మనవడు కిరణ్ బెంగళూరు నుంచి పావగడలోని మా ఇంటికి వచ్చాడు. వెంట ఫణి అని ఇంకొక అబ్బాయిని తెచ్చాడు. ఇద్దరికీ రాగిముద్ద, ఊరిబిండి పచ్చడి వడ్డించాను. ఈ కాలం పిల్లలు ముద్దను నములుతారు. ఫణి మాత్రం నెయ్యి అద్దుకుని చక్కగా మింగుతుంటే, పర్వాలేదు, ఎవరి బిడ్డో గాని నేర్పించి పెంచారు అనుకున్నాను. అప్పుడు కిరణ్ తలెత్తకుండా, "అవ్వా, నీకొక మాట చెప్పల్ల. ఫణీ నేనూ కలిసి బతుకుతాండాం. ఫ్రెండ్స్ మాదిరి కాదు, మొగుడూ పెండ్లాల మాదిరి. అమ్మకూ నాయనకూ చెప్పేసినా" అన్నాడు. లేచి పోయి వీధి తలుపు గొళ్లెం పెట్టి, కిటికీ రెక్కలు మూసి వచ్చి కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం, పైగా ఎండాకాలం. ఇద్దరూ చెయ్యి ఆపి నన్నే చూశారు. "మీ నాయన ఏమన్నాడు?" అని అడిగాను. "ఏమన్నా చేసుకో, ఊర్లో మాత్రం చెప్పొద్దు అన్నాడు." "కొట్టలేదా?" "కొట్టేదేంది అవ్వా! యా కాలంలో ఉండావు నువ్వు?" అని నవ్వాడు వాడు.

ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన దాన్ని, పేపరు చదవకుండా కాఫీ తాగని దాన్ని. ఇలాంటి వాళ్లు నేరస్థులు కారని పెద్ద కోర్టు చెప్పిన రోజు టీవీలో నేనూ విన్నాను. చిక్కుడుకాయలు తుంచుతూ విన్నాను. విని, మా ఆయన పక్క గదిలోంచి వస్తున్న అలికిడికి ఛానెల్ మార్చేశాను. ఆయన ఏమనుకుంటారోనని కాదు, నా మొహం చూసి ఏమైందని అడుగుతారని. కిరణ్‌కు ఆ మధ్యాహ్నం మా అన్న సంగతి చెప్పాను. ఇన్నేళ్లలో ఇంకొకరికి చెప్పడం అదే మొదలు. చెప్పినంత మటుకు ఇక్కడ రాస్తున్నాను.

మా పల్లె పేరు రాయను. తిరుమణికి నడిచిపోయేంత దూరం. ఇప్పుడక్కడ చేలు లేవు, కంటికి ఆనినంత మేర సోలార్ పలకలే. అప్పుడు ఆ నేలంతా చెనక్కాయ, అంటే వేరుశనగ, పంటే, అదీ వాన పడిన ఏడు. మా ఇంట్లో తెల్లారితే మొదట వినబడేది మా జేజి, అంటే నాయనమ్మ, చీపురు. తర్వాత ఆమె పెరట్లోకి పోయి చిటికెడు మన్ను తీసి వాన జాడ కోసం వాసన చూసేది, నాలుక కొసకు తాకించుకునేది. "ఈ పొద్దూ ల్యా" అని ఉమ్మేసి లోపలికి వచ్చేది. ఆ మాట విన్నాకే అమ్మ పొయ్యి ముట్టించేది. బోరింగు దగ్గర బిందెలు వరసలో పెట్టి మేము ఇంటికి వచ్చేస్తే, వంతు వచ్చేటప్పటికి మధ్యాహ్నం అయ్యేది. ఇల్లంతా పాత చెనక్కాయ పొట్టు వాసన, ఎండిన పేడ వాసన. మూడేళ్లు వరసగా వాన తప్పినాక జేజి మన్ను నోట్లో పెట్టుకోవడం మానేసింది. దూరం నుంచి చూసి వచ్చేది. అది నాకు ఎందుకో చాలా భయం వేసేది.

మా అన్న నరసింహులు నాకంటే ఆరేళ్లు పెద్ద. మాకు ఒకటే ఎద్దు. ఊర్లో ఓబుళేశు వాళ్లకూ ఒకటే. ఇట్లాంటి ఇళ్లు రెండు కలిసి, రెండెద్దులనూ ఒక కాడికి కట్టి, ఒకరి చేను తర్వాత ఒకరి చేను దున్నుకునే వాళ్లు. ఓబుళేశుకు తల్లి లేదు. తండ్రి ఉన్నా ఊరి మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. పద్దెనిమిదో ఏటి నుంచి మా అన్నా ఓబుళేశూ కలిసే దున్నారు, కలిసే విత్తారు. అన్న నాయనతో మాట్లాడితే కసురుతున్నట్టు ఉండేది, నాతో మాట్లాడితే వెక్కిరిస్తున్నట్టు ఉండేది. ఓబుళేశుతో మాట్లాడేటప్పుడు మాత్రం వాడి గొంతు ఇంకెవరిదో అనిపించేది. ఒకసారి గట్టు మీద కూర్చుని ఓబుళేశు మా అన్న కాలిలో తుమ్మముల్లు తీస్తుంటే చూశాను. ముల్లు ఎప్పుడో వచ్చేసింది, పాదం మాత్రం ఒళ్లోనే ఉంది. సద్దిమూట అక్కడ పెట్టి గొంతు సవరించుకున్నాను. ఇద్దరూ ఉలిక్కిపడలేదు కూడా, నవ్వారు. ఊరు కూడా అప్పటికి నవ్వేది. "ఎద్దులూ జోడే, మనుసులూ జోడే" అనేవాళ్లు. ఆ మాటలో విషం ఏమీ ఉండేది కాదు.

వాన రాకపోతే మా వైపు వానపెండ్లి చేసేవాళ్లు. మీసం రాని ఇద్దరు మగపిల్లల్ని తెచ్చి, ఒకడికి పంచె, ఒకడికి చీర కట్టి, కళ్లంలో పీటల మీద కూర్చోబెట్టి పసుపుతాడు కట్టించేవాళ్లు. ఇంటికొక చెంబు నీళ్లు తెచ్చి ఆ జంట నెత్తిన పోసేవాళ్లు. తొమ్మిదో రోజున తాడు తెంపి బావిలో వేస్తే అయిపోయేది, పిల్లలకు బెల్లం ముక్క దొరికేది. మూడేళ్లు అట్లా చేసినా వాన రాలేదు. నాలుగో ఏడు మా ఊరి పటేలు, ఊర్లో తగాదాలైనా పండగలైనా ఆయన మాటే చెల్లేది, కళ్లంలో నిలబడి అన్నాడు: "పసిపిల్లోల్లను కూచోబెడితే వానదేవునికి ఆటగా ఉండాదిప్పా. ఈసారి ఈడొచ్చిన వాళ్లను కూచోబెట్టల్ల." ఈడొచ్చిన మగవాళ్లెవరూ చీర కట్టుకోవడానికి ఒప్పుకోలేదు. అప్పుడు ఎవరో, "ఇంగెవురు? జోడెద్దులు ఉండారు గదా" అన్నారు. అందరూ ఘొల్లుమన్నారు. ఓబుళేశు నేల చూస్తూ, "సరే, వానొస్తే చాలు" అన్నాడు. మా అమ్మ పెళ్లినాటి చీర ఇచ్చింది. మా అన్న పసుపుతాడు తీసుకుని ఓబుళేశు మెడలో మూడు ముళ్లూ గట్టిగా వేశాడు. చుట్టూ ఈలలు, నవ్వులు. నవ్వనివాళ్లు ఆ కళ్లంలో ముగ్గురే: అన్న, ఓబుళేశు, మా జేజి. జేజి ఇంటికొచ్చి, "ఇది ఆట మాదిరి లేదు మే" అంది, అంతే.

మూడో రోజు వాన పడింది. ఉత్త చినుకులు కావు, ఇంటి గోడ కూలేంత వాన. ఊరంతా వచ్చి మా అరుగు మీద కూర్చుంది. తొమ్మిదో రోజు తాడు తెంపడానికి పోతే పటేలు ఆపేశాడు. "కూడొచ్చినప్పుడు ఆకు ఎవురన్నా లాగుతారా? కాయ ఇంటికొచ్చేదాకా తాడు తీయొద్దు. ఆ ఇద్దరినీ యిడిపించొద్దు" అన్నాడు. ఊరే చెప్పింది మరి! విత్తనం వేసిన నాటి నుంచి కాయ పెరికేదాకా ఇద్దర్నీ చేను కాపలాకు ఒకే గుడిసెలో ఉంచింది. ఓబుళేశు వీధిలో పోతుంటే ముసలమ్మలు, "ఏమే కోడలా, తిన్నావా?" అని పిలిచేవాళ్లు. మా జేజి కూడా మెత్తబడి మొదటి రొట్టె వాడికే పెట్టేది. ఆ ఏడు కాయ పొట్టు పగిలేంత లావుగా వచ్చింది. మా అన్న పాటలు పాడుతుండగా నేను విన్నది ఆ ఒక్క ఏడే. అయినా నాకు లోపల గుబులుగానే ఉండేది. వాన కోసం ఇచ్చిన దాన్ని వాన రాకపోతే వెనక్కి అడుగుతారు కదా అని పద్నాలుగేళ్ల బుర్రకే తోచింది, ఊర్లో పెద్దలకు తోచలేదో, తోచినా ఊరకున్నారో తెలియదు.

కాయ ఇంటికొచ్చింది. తాడు బావిలో వేసేశామని అన్న చెప్పాడు. ఎవరూ చూడలేదు, ఎవరికీ పట్టలేదు. ఒక రోజు నీళ్ల తొట్టి దగ్గర ఓబుళేశు చొక్కా విప్పి తల కడుక్కుంటుంటే మెడలో పసుపుతాడు కనబడింది. నన్ను చూసి గబుక్కున చేత్తో మూసుకున్నాడు. "పాపా, ఎవురికీ చెప్పొద్దు" అన్నాడు. పక్కనే ఉన్న మా అన్న తువ్వాలు పిండుతూ, "మా పాప చెప్పదు లేప్పా" అన్నాడు. ఎంత ధీమాగా అన్నాడో!

మరుసటి ఏడు వాన లేదు. ఆపై ఏడూ లేదు. అన్నకు మడకశిర వైపు నుంచి సంబంధం వస్తే చూడటానికే పోలేదు. ఊరి చూపు మారడం నేను బోరింగు దగ్గర గమనించాను. మా బిందె వంతు వచ్చేసరికి మాటలు ఆగిపోయేవి. "కోడలా" అనే పిలుపు పోయింది. ఓబుళేశు వస్తుంటే ముసలమ్మలు కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేవాళ్లు. ఎవరూ తిట్టలేదు, రాయి వేయలేదు. పటేలు మా నాయనతో ముందుకంటే మర్యాదగా మాట్లాడటం మొదలుపెట్టాడు. అది చూసి నాయన అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

ఆ వేసవిలోనే నేను చేసిన పని. ఎస్సెల్సీ పాసై ఉన్నాను. పావగడ కాలేజీలో చేర్పించడానికి నాయనను ఒప్పించి, తానే తీసుకుపోతానని అన్న మాట ఇచ్చాడు. చేరడానికి ఆఖరి రోజున నేను జడ వేసుకుని, కాగితాలు సంచిలో పెట్టుకుని వాకిట్లో కూర్చున్నాను. బస్సు వచ్చింది, పోయింది. అన్న రాలేదు. ఓబుళేశుకు జ్వరం ముదిరితే ఎడ్లబండిలో ఆస్పత్రికి తీసుకుపోయాడట. నాకు ఏడాది పోయింది. ఆ మంట ఇప్పుడు చెప్పినా అర్థం కాదు. నాకంటే వాడెక్కువా అని పళ్లు కొరుక్కున్నాను. మూడో రోజు పటేలు ఇంటి వసారాలో విత్తనానికి కాయ ఒలుస్తున్నాం. విత్తనానికి కాయను చేత్తోనే ఒలవాలి, పప్పు మీద పొర చిట్లితే మొలవదు. ఆడవాళ్లు పదిహేను మంది దాకా గుండ్రంగా కూర్చుని, వేళ్లు బొబ్బలెక్కుతున్నా మాటల్లో పడి ఒలుస్తూ ఉంటారు. పటేలు తల్లి నన్ను అడిగింది: "ఏమ్మే, మీ అన్న పెండ్లి ఎందుకొద్దంటాండాడు?" నేను తలెత్తకుండానే, "మా అన్నకు పెండ్లి అయిపాయ గదా. ఓబుళేశు మెడలో తాడు ఇంగా ఉండాది, నా కండ్లతో చూసినా" అన్నాను. నవ్వుతారనుకున్నాను. కాయలు చిట్లే చప్పుడు అంతా ఒక్కసారిగా ఆగిపోయింది. "ఇంగా ఉండాదా?" అంది ముసలమ్మ మెల్లగా. "ఊ" అన్నాను. మళ్లీ చిటపటమని అందరూ ఒలవడం మొదలుపెట్టారు.

రెండు రోజులకు పటేలు, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు పొద్దున్నే మా ఇంటికి వచ్చి మజ్జిగ తాగారు. "ఏమీ లేదుప్పా, శాస్త్రమే" అన్నాడు పటేలు మా నాయనతో. "శాస్త్రంగా కట్టిన తాడు ఉంచుకున్నారు. పెండ్లి తెగలేదు. అందుకే వాన నిలిచిపాయ. ఇన్ని దినాలు మెడలో ఉన్న తాడును ఉత్తగా తెంపితే చాలదు, మొగుడు పోయినప్పుడు తెంపినట్లు తెంపల్ల." జేజి లోపలి నుంచి పరుగున వచ్చింది. "బతికుండే నా మనవడికి గాజులు పగలగొట్టిస్తారా? మీ నోర్లు పడిపోను! మీరు గాదా కట్టించింది? మీరు గాదా యిడిపించొద్దన్నది?" అని మొత్తుకుంది. పటేలుకు కోపం రాలేదు. "ఊరు ముఖ్యమా, మనిషి ముఖ్యమా చెప్పవ్వా" అన్నాడు. ఒప్పుకోకపోతే రెండిళ్లకూ బోరింగు నీళ్లు ఉండవని, పోతూ పోతూ గడపలో చెప్పాడు. ఓబుళేశు తానే వచ్చి, "గాజులే గదా, పగలగొట్టనీ" అన్నాడు. మా అన్న గోడకు గుద్దిన గుద్దుకు వాడి వేళ్లు వాచిపోయాయి.

మంగళవారం పొద్దున కళ్లంలోనే చేశారు. చచ్చినవాడు కనబడకూడదు కనుక మా అన్నను ఇంట్లో గదిలో పెట్టి నాయన బయట గడియ వేశాడు. ఓబుళేశుకు చీర కట్టారు, మోచేతుల దాకా గాజులు వేశారు, తల నిండా పూలు, నుదుట రూపాయంత కుంకుమ. పెళ్లినాడు చేసిన అలంకారం కంటే ఇదే ఎక్కువ. మూడు రోజుల గడ్డం మీద పసుపు పూశారు. ఈసారి ఎవరూ నవ్వలేదు, నవ్వి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ముగ్గురు ముసలి విధవలు వాడి చేతులు బండ మీద పెట్టి రాయితో గాజులు కొట్టారు. రక్తం కారింది. "మీ ఇంటి ఆడోళ్లు ఏడవల్ల. ఏడవకుంటే శాస్త్రం కాదు" అన్నాడు పటేలు. మా అమ్మ బతికున్న కొడుకు కోసం రొమ్ము బాదుకుని శోకాలు పెట్టింది. మొదట మాటకు ఏడ్చింది, తర్వాత ఆపడం ఆమె వల్ల కాలేదు. నేను నేల మీద పడిన గాజు ముక్కలే చూస్తూ నిలబడ్డాను. తాడు తెంపుతుండగా మా ఇంటి వైపు నుంచి తలుపు పగిలిన చప్పుడు వచ్చింది.

అన్న నడిచి వచ్చాడు, పరుగెత్తలేదు. కర్రలు పట్టుకుని ఉన్న మగవాళ్లు కనీసం ఇరవై మంది ఉన్నారు అక్కడ. కొట్టి చంపేస్తారనుకుని నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అందరూ వెనక్కి జరుగుతున్నారు. పటేలు కూడా. ఎందుకంటే వాళ్ల శాస్త్రం ప్రకారం వాడు అప్పుడే చచ్చాడు, వాడి నీడ తగిలినా కీడు. వాళ్లు చేసిన పనికి వాళ్లే జడుసుకున్నారు. అన్న ఓబుళేశు పక్కన గొంతు కూర్చుని, చీర చెంగు చింపి మణికట్టుకు కట్టాడు. లేచి చుట్టూ చూశాడు. "సంపితిరి గదా. ఇంగ నన్ను పోవద్దనేదానికి ఎవురికి అయితాది?" అన్నాడు. ఇద్దరూ నడుస్తుంటే జనం దారి ఇచ్చారు. పిల్లల్ని చంకలో ఎత్తుకుని మరీ తప్పుకున్నారు.

ఆ సాయంత్రం నేను పెరట్లో ఎద్దుకు మేత వేస్తుంటే అన్న కంప తొలగించుకుని వచ్చాడు, గుడ్డలు తీసుకోవడానికి. "పాపా, నీకొక్కదానికే చెప్పి పోతాండా. చళ్లకెరలో నూనె మిల్లు ఉండాది, బస్టాండు వెనకాల. ఆడ మూటలు మోసే పని దొరుకుతాది. ఊర్లో మాట సద్దుమణిగినాక ఒక కార్డు రాయి. అమ్మను చూసి పోతా" అన్నాడు. నేను తల ఊపాను. పోబోతూ ఆగి, "తాడు సంగతి ఎవురు చెప్పినారో తెలుసునా?" అని అడిగాడు. ఎద్దు మేత నములుతోంది. "తెలీదన్నా" అన్నాను. నా తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు బాగా సదువుకో" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ ఏడూ వాన రాలేదు. పదకొండు రోజులు మా ఇంటి నీళ్లు ఎవరూ తాగలేదు, మైల అన్నారు. జేజి మన్ను చూడటం శాశ్వతంగా మానేసింది. నేను మరుసటి ఏడు కాలేజీలో చేరాను, తర్వాత టీసీహెచ్ చదివి టీచరునయ్యాను. కార్డు కొన్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు. రాస్తే వస్తాడు, వస్తే ఎవరు చెప్పారో ఊర్లో ఎవరో ఒకరు వాడితో అంటారు. ముందు ఆ భయం. తర్వాత నా పెండ్లి సంబంధాలు, ఇట్లాంటి అన్న ఉన్నాడంటే ఎవరు చేసుకుంటారని ఇంకో భయం. తర్వాత భయం కూడా లేదు, ఇన్నేళ్లయ్యాక ఏ మొహంతో రాయాలని సిగ్గు. పటేలు పోయాడు, ఆయన తల్లి పోయింది. ఆ మాట గుర్తున్న వాళ్లు ఇప్పుడు ఊర్లో ఇద్దరు ముగ్గురు ఉంటారేమో. అమ్మ పావగడలో నా దగ్గరే పోయింది. పోయే ముందు నా చెయ్యి పట్టుకుని, "పాపా, వాడు యాడన్నా ఉండాడంటావా?" అని అడిగింది. "తెలీదు మా" అన్నాను. చచ్చిపోతున్న తల్లికి కూడా ఆ మాటే చెప్పాను.

ఇదంతా విని ఫణి కళ్లు తుడుచుకున్నాడు. ఈ పిల్లల్ని ఎవరూ పీటల మీద కూర్చోబెట్టలేదు, లేపి తన్నలేదు. అద్దె ఇంట్లో తలుపు మీద ఇద్దరి పేర్లూ రాసుకున్నారట. నా అన్నకు అంతకంటే ఏం కావాలి? కాలం మారలేదని నేను అనను, మారింది. మారడానికి అడ్డం పడుతున్నది ఊరని, శాస్త్రమని, పటేలని ఇంతకాలం అనుకుంటూ హాయిగా బతికాను. కిరణ్ ఫోను తీశాడు. "అవ్వా, చళ్లకెర ఈడికి రెండు గంటలే. కారు ఉండాది. మిల్లు ల్యాకున్నా అడిగితే ఎవురో ఒకరు చెప్తారు. రేపు పొద్దున్నే పోదామా?" అన్నాడు.

మోకాళ్ల నొప్పులురా, అంతసేపు కారులో కూర్చోలేను అన్నాను. నాకు మోకాళ్ల నొప్పులు లేవు.